అర్జంటు ఎవరిది?

మెహదీపట్నం దగ్గర పైకెక్కి ఆరాంఘర్ దగ్గర కిందికి దిగే పొడుగాటి వంతెనని ఎరగనివాళ్ళు హైదరాబాదులో తక్కువ. పేరు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే. నిడివి 11.6 కిలోమీటర్లు. విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారింది 2008 మార్చి 23న. ఈ వంతెన మీద బళ్ళు తిరగడం మొదలైంది 2009 అక్టోబరు 19న. మధ్యనున్న ఏడాదిన్నరా విమానం అందుకోవలసిన కార్లూ, కర్నూలు వైపు పోయే లారీలూ, ఆర్టీసీ బస్సులూ, కూరగాయల ఆటోలూ అన్నీ కింది రోడ్డు మీదే ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయేవి.

వంతెన కట్టాక స్కూటర్లూ, ఆటోలూ, లారీలూ పైకి రాకూడదని కట్టడి చేశారు. కారుంటే పైనుంచి ఝామ్మని పోవచ్చు. లేకపోతే కిందే. రోడ్డు వెడల్పు చేయడం ఒక ఎత్తూ, ఉన్న రోడ్డు మీద ఎవరు ముందు పోవాలో తేల్చడం ఒక ఎత్తూ అని ఆ వంతెన చూసినప్పుడల్లా నాకనిపిస్తుంది. విమానం అందుకోవాలన్న తొందర తొందరే, కాదనను. మరి జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి స్కూటరు మీద కూర్చోబెట్టుకుని అత్తాపూర్ నుంచి ఆస్పత్రికి పరిగెత్తే తల్లిది మాత్రం తొందర కాదూ? ఆ తొందరకి వంతెన మీద చోటు లేదు.

సరిగ్గా ఈ తగువే శంషాబాద్ విమానాశ్రయంలాంటి చోట గోడల వెనక, తీగల్లో, క్షణక్షణమూ నడుస్తూ ఉంటుందని చెప్పినవాడు మా మేనల్లుడు. ఆ చుట్టుపక్కలే ఒక సరుకుల గోదాములో కంప్యూటర్ నెట్‌వర్క్ పని చూస్తాడు. వాడి పనంతా స్విచ్‌లతో. స్విచ్ అంటే గోడ మీద టకీమని నొక్కేది కాదు. వరసగా 24 రంధ్రాలో 48 రంధ్రాలో ఉన్న ఒక ఇనప పెట్టె. ఒక్కో రంధ్రంలోంచీ ఒక్కో తీగ పోతుంది. ఒక తీగ చెక్-ఇన్ కౌంటరుకి, ఒకటి గోడ మీది కెమెరాకి, ఒకటి టెలిఫోనుకి, ఒకటి వైఫై పెట్టెకి. 2023 నుంచి అక్కడ డిజియాత్ర కూడా వచ్చింది కదా, మన మొహమే టిక్కెట్టు. ఆ మొహం బొమ్మ కూడా తీగ వెంటే పోయి రావాలి. అన్నీ కలిసి ఒకే పెద్ద తీగలోకి దిగేచోట రద్దీ పుడుతుంది.

"మామూలు స్విచ్చికి ముందూ వెనకా తెలీదత్తా. ఎవరు ముందొస్తే వాళ్ళని ముందు పంపేస్తుంది. మేనేజ్డ్ స్విచ్ అని ఇంకో రకం ఉంటుంది. దానికి మనం బుద్ధులు చెప్పచ్చు. ఫలానా వార్త వస్తే దారి వదులు, ఫలానా రంధ్రంలోంచి వచ్చేది సెకనుకి ఇంతకి మించి పోనీకు, అని" అన్నాడు.

విన్నాక నాకు మొదట గుర్తొచ్చింది ట్రంకాల్.

ఈ తరం పిల్లలకి తెలీదు గానీ, పై ఊరికి ఫోను చేయడమంటే ఒకప్పుడు చిన్న యజ్ఞం. ఎక్స్ఛేంజికి ఫోను చేసి నంబరు బుక్ చేయాలి. వాళ్ళు అడిగే మొదటి మాట, "ఆర్డినరీయా, అర్జంటా, లైట్నింగా?" ఆర్డినరీ అన్నామా, పొద్దున బుక్ చేస్తే సాయంత్రానికి రావచ్చు, రాకపోనూవచ్చు. అర్జంటుకి రెట్టింపు డబ్బు. లైట్నింగ్, అంటే మెరుపు కాలుకి, దానికి ఇంకా ఎన్నో రెట్లు. ఫలానా మనిషే మాట్లాడాలంటే పీపీ కాల్ అని మరో రకం. లైను దొరికాక మూడు నిమిషాలు. "త్రీ మినిట్స్ ఓవర్" అని మధ్యలో ఒక గొంతు. అసలు సంగతి అప్పుడే మొదలుపెట్టి ఉంటాం!

రెండు ఊళ్ళ మధ్య ఉన్నవి నాలుగు తీగలే, మాట్లాడవలసినవాళ్ళు నలభై మంది. ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఎవరు ఆగాలో డబ్బు తేల్చేది. మన దేశంలో ఎస్‌టీడీ మొదట 1960లో కాన్పూరు, లక్నోల మధ్య వచ్చింది. అది ఊరూరా పాకడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. అన్నాళ్ళూ డబ్బున్నవాడి పెళ్ళి పిలుపు మెరుపులా పోతే, లేనివాడి చావు కబురు ఆర్డినరీలో కూర్చుని ఉండేది. తంతులకీ ఇంతే. ఎక్స్‌ప్రెస్ ఒకటి, ఆర్డినరీ ఒకటి. 2013 జూలైలో తంతి శాఖ తలుపులు మూసేదాకా మన ఊళ్ళ టెలిగ్రాముల కథ ఇది.

ఆ రోజుల్లో స్విచ్ అంటే పెట్టె కాదు, చాలాచోట్ల ఒక ఆడమనిషి. ఎదురుగా రంధ్రాల బల్ల, చేతిలో ప్లగ్గులున్న తాళ్ళు, చెవులకి హెడ్‌ఫోను. ఏ కాల్ ఎక్కడ కలపాలో, ఎవర్ని ఆపాలో ఆవిడ చేతిలోనే ఉండేది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటరు ఎమ్మా నట్ అనే ఆవిడ. బోస్టన్ నగరంలో 1878 సెప్టెంబరు 1న చేరింది. అంతకుముందు ఆ పనికి కుర్రాళ్ళని పెడితే వాళ్ళు ఫోను చేసినవాళ్ళని తిట్టడం, ఎకసెక్కాలు చేయడం. విసుగెత్తి ఆడవాళ్ళని తీసుకున్నారు.

మరి ఆవిణ్ణి తీసేసి యంత్రాన్ని పెట్టాలని ఎవరికి పుట్టిందీ అంటే, అదొక విచిత్రం. అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన శవాలకి అంత్యక్రియలు చేయించే వ్యాపారి. ఆ ఊళ్ళో ఆయనకి ఒక పోటీదారుడు. ఆ పోటీదారుడి భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరనీ, ఎవరింట్లో చావు జరిగినా వచ్చిన ఫోన్లన్నీ మొగుడి దుకాణానికే కలిపేస్తోందనీ స్ట్రోజర్‌కి అనుమానం అని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, మనిషి చెయ్యి తగలకుండా కాల్ కలిపే యంత్రానికి ఆయన 1891లో పేటెంటు తీసుకున్న మాట నిజం. స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలని బెంగుళూరు ఐటీఐలో తయారుచేసి మన దేశమంతా వాడారు. అంటే ఆటోమేటిక్ స్విచ్ పుట్టుకలోనే ఉంది అనుమానం, కూర్చుని కలిపే మనిషి అందరికీ సమానంగా కలుపుతుందా అని. మనిషి పోయి పెట్టె వచ్చినంత మాత్రాన ఆ అనుమానం తీరుతుందా? పెట్టెకి బుద్ధులు చెప్పేది మళ్ళీ ఒక మనిషేగా!

డబ్బే వరస తేలిస్తే ఎంత దూరం పోతుందో 1912 ఏప్రిల్ 14 రాత్రి తెలిసింది. టైటానిక్ ఓడ మునిగిన సంగతి సినిమా చూసినవాళ్ళందరికీ తెలుసు. ఆ ఓడలో వైర్‌లెస్ గది ఉండేది. అందులో పనిచేసే జాక్ ఫిలిప్స్ ఓడ కంపెనీ మనిషి కాదు, మార్కోని కంపెనీ మనిషి. ప్రయాణికులు చుట్టాలకి పంపే కబుర్లే ఆ కంపెనీ రాబడి. అంతకుముందు రోజు యంత్రం చెడిపోయి కబుర్లన్నీ పేరుకుపోయాయి. బాగుచేసుకుని, ఆ రాత్రి కేప్ రేస్ అనే ఒడ్డు స్టేషనుకి వాటిని ఒకటొకటిగా పంపుతున్నాడు. రాత్రి పదకొండు గంటల వేళ దగ్గర్లో ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ నుంచి ఒక కబురు వచ్చింది. చుట్టూ మంచు, మేం ఆగిపోయాం, అని. ఓడ దగ్గరగా ఉండడంతో ఆ చప్పుడు ఫిలిప్స్ చెవులు పగిలేలా వినపడింది. నోర్ముయ్, నేను పనిలో ఉన్నాను అన్న ధోరణిలో జవాబిచ్చాడు. అవతలి కుర్రవాడు కాసేపు చూసి, యంత్రం కట్టేసి పడుకున్నాడు. పదకొండూ నలభైకి మంచుకొండ తగిలింది. సుమారు 1500 మంది పోయారు.

ఆ కాలంలో ఓడ కెప్టెన్‌కి అందవలసిన కబురు ముందు ఎమ్‌ఎస్‌జి అని మూడక్షరాలు పెట్టేవారు. ఆ అక్షరాలుంటే కబురు తిన్నగా కెప్టెన్ దగ్గరికి పోవాలి. కాలిఫోర్నియన్ కుర్రవాడు పంపింది తోటివాడికి చెప్పిన కబురు లాంటిది. దాని ముందు ఆ మూడక్షరాలు లేవు. ఫిలిప్స్‌ని దుర్మార్గుడని నేననను. చివరిదాకా సాయం కోసం కబుర్లు పంపుతూ ఓడతోపాటే పోయిన మనిషి. కానీ అతని ముందున్న కాగితాల దొంతరలో ఏది పైన ఉండాలో చెప్పే ఏర్పాటు లేదు. "ఇక్కడ ఎండ బాగుంది, మీరెలా ఉన్నారు" అన్నదీ, "ముందు మంచు ఉంది" అన్నదీ ఒకే తీగ మీదికి ఒకేసారి వచ్చాయి. డబ్బు చెల్లించింది మొదటిది.

ఆ తర్వాతి అంతర్జాతీయ ఒప్పందాల్లో ఎంతో మార్పు వచ్చింది. అందులో నాకు బాగా నచ్చింది మూడు నిమిషాల మౌనం. గంటకి రెండుసార్లు, పావుగంట దగ్గరా ముప్పావుగంట దగ్గరా, మూడేసి నిమిషాలపాటు ఆపద పిలుపుల తరంగం మీద ఓడలన్నీ నోరు మూసుకోవాలి. బలహీనమైన గొంతు ఏదైనా సాయం అడుగుతోందేమో వినాలి. వైర్‌లెస్ గదుల్లో గడియారాల మీద ఆ మూడు నిమిషాల చోట ఎర్ర రంగు వేసి ఉండేది. ఉపగ్రహాల పద్ధతి పూర్తిగా వచ్చేదాకా, అంటే 1999 దాకా ఈ నియమం ఓడలకి ఉండేది. ముఖ్యమైన కబురు ముందు పోవాలంటే మిగతా కబుర్లకి కాసేపు అడ్డుకట్ట పడాలని అప్పుడే పట్టుకున్నారు. మా మేనల్లుడి భాషలో మొదటిది ప్రయారిటీ, రెండోది లిమిట్. ఒకటి లేకుండా రెండోది పనిచెయ్యదంటాడు.

విమానాల వాళ్ళు ఓడలవాళ్ళని చూసి నేర్చుకున్నారు. ఆపదలో ఉన్న విమానం 'మేడే' అని మూడుసార్లు పిలుస్తుంది. ఆ మాట 1920లలో లండను దగ్గర క్రాయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ పెట్టింది. నాకు సాయం చేయండి అన్న ఫ్రెంచి మాటకి ఇంగ్లీషు గొంతు. ఆ మాట వినపడగానే అదే తరంగం మీద ఉన్న మిగతా పైలట్లందరూ గమ్మున ఉండాలి.

ఇది గాలిలో పోయే మాట సంగతి. నేల మీద ఒక విమానాశ్రయం నుంచి ఇంకో విమానాశ్రయానికి టెలిప్రింటర్ల మీద పోయే కబుర్లకి వేరే వరస ఉంది. ప్రపంచమంతా ఒకటే. కబురు మొదట్లో రెండక్షరాలు ఉంటాయి. ఎస్ఎస్ అంటే ప్రాణాపాయం. డిడి అంటే అత్యవసరం. ఎఫ్ఎఫ్ అంటే విమాన భద్రత. జిజి అంటే వాతావరణం, రాకపోకల వివరాల వంటివి. కెకె అంటే ఆఫీసు పనులు. ఎస్ఎస్ అన్నిటికన్నా ముందు. డిడి, ఎఫ్ఎఫ్‌లు రెండో బంతి. జిజి, కెకెలు మూడో బంతి. ఎస్ఎస్ వస్తే టెలిప్రింటరు దానంతటది అయిదుసార్లు గంట కొట్టేది, కునికిపాట్లు పడుతున్నవాడు కూడా లేచేలా.

ఇక్కడ డబ్బు మాట లేకపోవడం గమనించారా? ఫస్ట్ క్లాసు ప్రయాణికుడున్న విమానం కబురు ముందు, లేనిది వెనక అని లేదు. కబురు ఆలస్యమైతే ఏమవుతుంది అన్న ఒక్క ప్రశ్న మీదే వరస తేలింది. ఇన్ని పద్ధతుల్లో ఇది నాకు న్యాయంగా కనపడుతుంది.

సైన్యంవాళ్ళ పద్ధతి వేరు. 1960లలో అమెరికా సైన్యానికి ఆటోవాన్ అని సొంత టెలిఫోన్ వ్యవస్థ ఉండేది. దాని ఫోన్ల మీద మనకున్న పన్నెండు మీటలు కాక, కుడివైపు ఇంకో నాలుగు మీటలు. ప్రయారిటీ, ఇమ్మీడియట్, ఫ్లాష్, ఫ్లాష్ ఓవర్‌రైడ్. పెద్ద మీట నొక్కితే లైన్లో మాట్లాడుతున్న చిన్నవాళ్ళ కాల్ మధ్యలోనే తెగిపోతుంది. ఏ హోదా మనిషి ఏ మీట నొక్కచ్చో రాసిపెట్టి ఉండేది. మన ఉమ్మడి కుటుంబాల్లో మామగారు వసారాలోకి రాగానే కోడళ్ళ కబుర్లు ఆగిపోయేవి చూడండి, అలాగన్నమాట.

ఇంటర్నెట్టు మొదట సైన్యం డబ్బుతో పెరిగింది కాబట్టి ఈ మీటలే అందులోకీ వచ్చాయి. 1981 సెప్టెంబరులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ నియమాలు అచ్చేశారు. మనం పంపే ఏ కబురైనా, ఫొటో అయినా, చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి పోతుంది. ఆ పొట్లం మీద చిరునామా రాసేచోటే ఎనిమిది మెట్ల గుర్తుకి చోటు పెట్టారు. అడుగున రొటీన్, దాని పైన ప్రయారిటీ, ఇమ్మీడియట్, ఫ్లాష్, అలా పైదాకా. సైనికుల మీటలే, పేర్లు కూడా మార్చలేదు. తమాషా ఏమిటంటే చాలాకాలం ఆ గుర్తుని పట్టించుకున్నవాళ్ళు అరుదు. అందరి పొట్లాలూ సమానమే, ముందొచ్చినవాడు ముందు. బళ్ళు తక్కువున్న రోడ్డుకి పోలీసు ఎందుకు?

అవసరం 1986 అక్టోబరులో తెలిసొచ్చింది. అమెరికాలో బర్క్‌లీ అనేచోట ఒక పరిశోధనశాలకీ, విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం నాలుగు వందల గజాలు. ఆ రెంటి మధ్య సెకనుకి 32 వేల బిట్ల వేగంతో నడిచే తీగ ఉన్నట్టుండి 40 బిట్లకి పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. అందరూ ఒకేసారి పంపడం, పోని పొట్లాన్ని మళ్ళీ పంపడం, అదీ పోక మళ్ళీ పంపడం. తిరుపతి క్యూలో వెనకవాడు తోస్తే ముందువాడు కదలలేనట్టు. వాన్ జేకబ్సన్ అనే ఆయన కూర్చుని ఆలోచించి, దారి ఇరుకైనప్పుడు పంపేవాడు తనంతట తనే తగ్గేలా నియమం రాశాడు. ఈనాటికీ ఇంటర్నెట్టు నిలబడి ఉందంటే ఆ తగ్గడం వల్లే. తగ్గినవాడు చెడ్డవాడు కాడని మా అమ్మ అంటుండేది, మా అమ్మకి కంప్యూటర్లు తెలీవు.

మన కథానాయకి స్విచ్ కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. ఏడు రంధ్రాల మొట్టమొదటి ఈథర్‌నెట్ స్విచ్ 1990 ప్రాంతంలో అమెరికాలో కల్పన అనే కంపెనీ తెచ్చింది. అవును, కల్పనే. కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరు వినోద్ భరద్వాజ్ అనే భారతీయుడు. భార్య పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది, పేరు మరుగున పడింది. బల్ల ముందు కూర్చుని తాళ్ళు కలిపిన ఎమ్మాని తప్పించిన యంత్రాల వంశంలో, ఈ కొత్త యంత్రం మళ్ళీ ఒక ఆడపేరుతో పుట్టడం నాకు ముచ్చటగా ఉంది.

ఇక ఆ పెట్టె లోపల జరిగేది చెబుతాను. ప్రతి రంధ్రం వెనకా నాలుగో ఎనిమిదో వరసలు ఉంటాయి. పొట్లం మీది గుర్తు చూసి దాన్ని ఆ వరసలో నిలబెడుతుంది. 1998లో ఈ గుర్తుల్ని మళ్ళీ రాశారు. మాటకి, అంటే ఫోన్లో పోయే గొంతుకి, తర్వాత 46 అనే అంకె స్థిరపడింది. ఎందుకంటే గొంతు ఆగలేదు. మామూలు టెలిఫోన్ మాటని సెకనుకి యాభై పొట్లాలుగా కట్టి పంపుతారు. ఈ చివర అన్నమాట ఆ చివర సెకనులో ఏడోవంతు దాటి చేరితే సంభాషణ గందరగోళమైపోతుంది. ఒకరి మాట మీద ఒకరు పడిపోతారు. ఉత్తరమైతే రెండు సెకన్లు ఆగినా దానికి నష్టం లేదు. సినిమా ఫైలు అయితే అరగంట ఆగినా ఏమీ కాదు. గొంతుకి కావలసిన దారి సన్నం, కానీ వేళకి కావాలి. సినిమాకి దారి వెడల్పు కావాలి, వేళతో పని లేదు. ఈ తేడా పట్టుకోవడమే ఇందులో కిటుకంతా.

అయితే ఎప్పుడూ పై వరసనే ముందు పంపుతూ పోతే? కింది వరసకి అసలు వంతే రాదు. దీనికి నెట్‌వర్క్ వాళ్ళు పెట్టుకున్న పేరు స్టార్వేషన్. ఆకలికి మాడడం. నేను నవ్వాను. "ఒరేయ్, ఈ సంగతి కనిపెట్టడానికి మీకు ఇంత చదువెందుకురా? పెళ్ళిళ్ళలో మొదటి బంతి మగపెళ్ళివారికి, రెండో బంతి మగవాళ్ళకి, మూడో బంతి పిల్లలకి వేసి, వండి వడ్డించిన ఆడవాళ్ళు కూర్చునేసరికి బూరెలు అయిపోయి చారు మిగిలేది. ఎన్ని తరాల ఆడవాళ్ళని అడిగినా చెప్పేవాళ్ళు" అన్నాను. వాడు దానికి మందు కూడా ఉందన్నాడు. వంతులు కడతారట. పై వరస నుంచి నాలుగు, మధ్య వరస నుంచి రెండు, కింది వరస నుంచి ఒకటి, మళ్ళీ మొదటికి. అందరికీ ఎంతో కొంత అందుతుంది. గొంతులాంటి ఆగలేనివాటికి మాత్రం పైన ఒక్క వరస విడిగా ఉంచి, అది మితిమీరకుండా దానికీ హద్దు పెడతారు.

హద్దు పెట్టడం కూడా చక్కగా ఉంటుంది. ఒక డబ్బా ఉందనుకోండి. అందులో సెకనుకి ఇన్ని అని బిళ్ళలు పడుతూ ఉంటాయి. పొట్లం పోవాలంటే బిళ్ళ ఇచ్చి పోవాలి. కాసేపు ఎవరూ పంపకపోతే బిళ్ళలు పోగవుతాయి, అప్పుడు ఒక్కసారిగా పది పంపుకోవచ్చు. డబ్బా నిండాక పడే బిళ్ళలు మాత్రం దక్కవు. ఖాళీ అయితే ఆగాలి, లేదా ఆ పొట్లాన్ని పారేస్తారు. నెలసరి పద్దులో పొదుపు చేసి పండక్కి ఖర్చుపెట్టుకునే ఇల్లాలికి ఇది విప్పి చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎవరి ప్రాణం మీదికి వస్తుందంటారా? 2021 జూన్ 1న శంషాబాద్‌కి రష్యా నుంచి స్పుత్నిక్ టీకాలు దిగాయి. 30 లక్షల డోసులు, 56.6 టన్నులు. దాన్ని సున్నాకి ఇరవై డిగ్రీల దిగువన ఉంచాలి. అటువంటి శీతల గిడ్డంగిలో చలి ఎంత ఉందో కనిపెట్టి చెప్పే పరికరం పంపే కబురు నాలుగంకెలు. అదే గోడ మీది కెమెరా రాత్రింబవళ్ళు పంపేది బొమ్మల వరద. రెండూ ఒకే స్విచ్‌లోకి వస్తే, బుద్ధి చెప్పని స్విచ్ ఆ నాలుగంకెల్ని వరద వెనక నిలబెట్టగలదు. నిలబడ్డ కబురు అరగంట తర్వాత చేరితే మందు చెడిపోయిన సంగతి మందు చెడిపోయాక తెలుస్తుంది. ఆ నాలుగంకెలకి నోరు లేదు, అర్జంటు అని అరవలేవు. వాటి తరఫున ఎవరో ముందే రాసిపెట్టాలి.

మరి ఎవరికి వాళ్ళు తమ పొట్లం మీద 46 అని రాసేసుకుంటే? రాసుకోవచ్చు, ఎవరూ చెయ్యి పట్టుకోరు. మనవాళ్ళ కార్ల మీద ప్రెస్ అనీ, పోలీస్ అనీ చీటీలు చూడ్డం లేదూ? అందుకే మేనేజ్డ్ స్విచ్ గుమ్మంలోనే అడ్డం నిలబడి, బయటివాడు రాసుకున్న గుర్తుని చెరిపేసి, తన లెక్క ప్రకారం కొత్తది వేస్తుంది. ఎవరి గుర్తుని నమ్మాలో, ఎవరిది నమ్మకూడదో ముందే చెప్పి ఉంచుతారు. ఆ నమ్మకం ఎక్కడిదాకా అన్నదాన్ని గీత గీసినట్టు గీస్తారట. నాకు ఇందులో కొంచెం గుబులుగానే ఉంటుంది. మెరుపు కాల్ రేటు ఎంతో అందరికీ తెలిసేది. అర్జంటు అంటే ఏమిటో అడిగితే ఆపరేటరు చెప్పేది, మనం దెబ్బలాడచ్చు. స్విచ్‌లో ఎవరి కబురు ఏ వరసలో పెట్టారో వాడేవాళ్ళకి కనపడదు. ఆలస్యమైతే ఆలస్యమైందనే తెలుస్తుంది, ఎవరి కోసం ఆగామో తెలీదు.

తీగ మీద ఎంత ఆధారపడ్డామో మాత్రం 2024 జూలై 19న కళ్ళారా కనపడింది. ఆ రోజు ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం తెరలు వేసుకుని కూర్చున్నాయి. అది రద్దీ వల్ల జరిగింది కాదు, ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన లోపం. శంషాబాద్‌లో కౌంటర్ల వాళ్ళు పెన్ను తీసి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. పేరు, విమానం నంబరు, సీటు. ఆ కాగితం ఫొటో దేశమంతా తిరిగింది. ఆ పూట వరస తేల్చింది మళ్ళీ మనిషే, బల్ల అవతల నిలబడ్డవాళ్ళ మొహాలు చూస్తూ.

2008లో ఈ విమానాశ్రయం కట్టినప్పుడు ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపోతుందనుకున్నారు. 2023-24 నాటికి సుమారు 2.5 కోట్ల మంది వచ్చారు. భవనం పెంచారు, తీగలూ పెంచే ఉంటారు. పెంచినకొద్దీ నిండుతూనే ఉంటుంది.

మొన్న వాణ్ణి అడిగాను. "నేను అక్కడి ఉచిత వైఫైలో కూర్చుని మా అమ్మాయితో వీడియోలో మాట్లాడితే నా మాట ఏ వరసలో ఉంటుందిరా?"

"విమానాశ్రయం లోపలి లెక్క నాకెలా తెలుస్తుందత్తా. మా గోదాములో అయితే వచ్చిపోయేవాళ్ళ వైఫైకి సున్నా వేశాను."

"సున్నాయా! సున్నాకి కింద ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. ఒకటి."

ఆ ఎనిమిది మెట్ల లెక్కలో ఒకటి సున్నాకంటే కింద ఉంటుందట. నియమాలు రాసినవాళ్ళు అలాగే రాశారు. ఎవరూ ఏ గుర్తూ వేయని మామూలు పొట్లానిది సున్నా. అందరూ పోయాక దారి ఖాళీగా ఉంటేనే పోవలసినదానికి ఒకటి. రాత్రిపూట కెమెరాల బొమ్మలు ఇంకోచోటికి మోసుకుపోయి దాచే పని ఉంటుంది కదా, మా వాడు ఆ ఒకటి దానికిచ్చాడట.